డిశ్చార్జి కాగితాల్లో ఆ స్టిక్కర్ ఉందా? రొమ్ము ఇంప్లాంట్ల వెనక అరవై ఏళ్ల కథ

నల్లగొండ, నాగర్‌కర్నూల్ వైపు నుంచి రొమ్ము క్యాన్సర్‌తో హైదరాబాద్ పోయి ఆపరేషన్ చేయించుకున్న వాళ్లలో కొందరికి, తీసేసిన రొమ్ము చోట సిలికాన్ ఇంప్లాంట్ (జెల్ నింపిన సంచి) పెడతారు. ఆకృతి కోసం పెట్టించుకునేవాళ్లూ ఉన్నారు. ఎందుకు పెట్టించుకున్నా, ఇంప్లాంట్ వచ్చిన డబ్బాకు ఒక స్టిక్కర్ ఉంటుంది. కంపెనీ పేరు, మోడల్, సీరియల్ నంబరు, లాట్ నంబరు, ఎన్ని సీసీలు అన్నీ దానిమీదే ఉంటాయి. ఒకటి కేస్ షీటుకు, ఇంకొకటి పేషంటుకిచ్చే కార్డుకు అంటించాలి. పదేళ్ల తర్వాత ఏదైనా తేడా వస్తే ఆ చిన్న కాగితమే దిక్కు.

సిలికాన్ సంచి మొదటిసారి మనిషి ఒంట్లోకి పోయింది 1962లో, అమెరికాలోని హ్యూస్టన్‌లో. థామస్ క్రోనిన్, ఫ్రాంక్ గెరో అనే సర్జన్లు పెట్టారు, డౌ కార్నింగ్ కంపెనీ తయారుచేసింది. వైద్య పరికరాలను ముందే పరీక్షించి అనుమతించే చట్టం అప్పటికి ఆ దేశంలోనే లేదు. 1976లో వచ్చింది కానీ, అప్పటికే అమ్ముడవుతున్న వాటిని అలాగే అమ్ముకోనిచ్చారు. ఫిర్యాదులు పెరిగాక 1992లో అక్కడ మందులకు, వైద్య పరికరాలకు అనుమతులిచ్చే ప్రభుత్వ సంస్థ ఎఫ్‌డీఏ సిలికాన్ జెల్ ఇంప్లాంట్లను క్యాన్సర్ తర్వాతి పునర్నిర్మాణానికి, పరిశోధనలకు మాత్రమే పరిమితం చేసింది. కీళ్లవాతం లాంటి జబ్బులు వీటివల్లే వస్తాయనడానికి ఆధారం దొరకలేదని, అసలు బాధ పగలడం, గట్టిపడడంలో ఉందని 1999లో అక్కడి ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ మెడిసిన్ తేల్చింది. 2006లో మళ్లీ ఆకృతి కోసం పెట్టించుకోవడానికి కూడా, 22 ఏళ్లు నిండినవాళ్లకు, అనుమతి వచ్చింది.

ఈ గట్టిపడడం దగ్గరే కథ మలుపు తిరిగింది. ఒంట్లో పరాయి వస్తువు పడితే దాని చుట్టూ ఒళ్లు పలచని పొర కట్టుకుంటుంది. ఇది అందరిలో జరిగేదే. కొందరిలో మాత్రం ఆ పొర మందమై, బిగుసుకుని, ఇంప్లాంట్‌ను పిసికినట్టు చేస్తుంది. రొమ్ము రాయిలా అవుతుంది, నొప్పి పెడుతుంది. లోపల రక్తం నిలిచినా, కంటికి కనపడని సూక్ష్మజీవులు అంటుకున్నా, రేడియేషన్ ఇచ్చినా దీని ముప్పు ఎక్కువ. అందుకే సర్జన్ యాంటీబయాటిక్ ద్రావణంతో లోపల కడిగి, గ్లవ్స్ మార్చుకుని, ఇంప్లాంట్‌ను వీలైనంత తక్కువ ముట్టుకుని లోపల పెడతాడు. గరుకు పైపొర ఉంటే బిగుసుకోవడం తగ్గుతుందని, ఇంప్లాంట్ తిరగబడకుండా పట్టుకుంటుందని కంపెనీలు గరుకు రకాలు తెచ్చాయి.

ఆ గరుకే ఇంకో జబ్బు తెచ్చింది. ఇంప్లాంట్ చుట్టూ ఉన్న పొరలో పుట్టే అరుదైన లింఫోమా (రోగనిరోధక కణాల క్యాన్సర్) గురించి 2011లో ఎఫ్‌డీఏ హెచ్చరించింది. 2019 జూలై నాటికి ప్రపంచంలో 573 కేసులు, 33 మరణాలు లెక్కకొచ్చాయి. అందులో 481 కేసులు అలెర్గాన్ కంపెనీవి. ఆ నెలలోనే దాని బయోసెల్ అనే గరుకు రకం అన్ని దేశాల నుంచీ వెనక్కి పోయింది. ఏ ఇబ్బందీ లేనివాళ్లు తీయించుకోవాల్సిన పనిలేదని కూడా చెప్పారు. అయితే తన ఒంట్లో ఉన్నది ఆ రకమో కాదో తెలిస్తేనే కదా, ఆ మాట ఎవరికైనా పనికొచ్చేది!

ఫ్రాన్స్‌లోనూ ఇదే తంటా. పీఐపీ అనే కంపెనీ వైద్యానికి పనికిరాని, పరిశ్రమలకు వాడే సిలికాన్ నింపి అమ్మిందని 2010లో బయటపడింది. దాని యజమానికి 2013లో 4 ఏళ్ల జైలు పడింది. దాదాపు 30 వేల మంది ఫ్రెంచి మహిళలను తీయించుకోమని అక్కడి ప్రభుత్వమే చెప్పింది.

మన దగ్గర ఏం చూసుకోవాలి? జెల్ ఇంప్లాంట్ పగిలినా బయటికి తెలియకపోవచ్చు. అందుకే ఆపరేషన్ అయిన 5, 6 ఏళ్లకు ఒకసారి, ఆ తర్వాత 2, 3 ఏళ్లకోసారి ఎంఆర్ఐ గానీ అల్ట్రాసౌండ్ గానీ చేయించుకోమని ఎఫ్‌డీఏ సలహా. మామోగ్రామ్‌కు పోతే నల్లగొండలోనైనా పాలమూరులోనైనా టెక్నీషియన్‌కు ముందే చెప్పాలి. ఇంప్లాంట్‌ను వెనక్కి నెట్టి విడిగా ఫిల్ములు తీయాల్సి ఉంటుంది. ఏడెనిమిదేళ్ల తర్వాత ఒక రొమ్ము ఉన్నట్టుండి వాస్తే అది ఆ లింఫోమా గుర్తు కావచ్చు, లోపలి నుంచి సూదితో తీసిన నీరు పారబోయనివ్వొద్దు. సైటాలజీకి (కణాల పరీక్షకు), ఆ లింఫోమాను పట్టే సీడీ30 పరీక్షకు పంపమని అడగాలి. పత్తి ఏరుడులో భుజం పట్టి వాచిందిలే అనుకుని నెలలు గడపొద్దు. పరికరం వల్ల ఇబ్బంది వస్తే వైద్య పరికరాలతో వచ్చే ఇబ్బందులను నమోదు చేసేందుకు మన దేశంలో 2015లో మొదలైన మెటీరియోవిజిలెన్స్ కార్యక్రమానికి పేషంటే నేరుగా చెప్పొచ్చు, హెల్ప్‌లైన్ 1800-180-3024.

కార్డు పోయిందా? 2002 నాటి వైద్యుల నియమావళి ప్రకారం ఇన్‌పేషంట్ రికార్డులు 3 ఏళ్లు దాస్తే చాలు, అడిగితే 72 గంటల్లో ఇవ్వాలి. ఆ లింఫోమా బయటపడేది సగటున 8 నుంచి 10 ఏళ్లకు. అప్పటికి ఆస్పత్రిలో ఫైలు ఉండాలనే రూలు లేదు. ఆపరేషన్ అయి ఇంకా మూడేళ్లు నిండనివాళ్లు ఈ నెలలోనే పోయి ఆపరేషన్ నోట్సు, స్టిక్కర్ ఉన్న పేజీ జిరాక్స్ తెచ్చుకోవాలి. ఒక కాపీ ఆధార్, పట్టా పాస్‌బుక్ ఉన్న సంచిలో, ఒక ఫొటో బిడ్డ ఫోన్లో ఉంచాలి.