ఉప్పు నీళ్ల ఎక్వేరియం: వరంగల్ల నడవదా? అపోహలు - వాస్తవాలు

హన్మకొండ, కాజీపేట దిక్కు ఎక్వేరియంలు సెట్ చేసుడు నా పని. గోల్డ్ ఫిష్, గప్పీలు పెంచినోళ్లకు ఎప్పుడో ఒకసారి సముద్రంల ఉండే క్లౌన్ ఫిష్ మీద మనసు పడతది, గప్పుడు నాకు వచ్చే ఫోన్లల్ల వినే మాటలే ఇవి.

"సముద్రం లేని ఊర్ల సముద్రం చేపలు ఎట్ల బతుకుతయ్?"
మంచిగ బతుకుతయ్. మెరైన్ సాల్ట్ అని వేరే దొరుకుతది, లీటరుకు దగ్గర దగ్గర 35 గ్రాములు కలిపి రిఫ్రాక్టోమీటర్ల (నీళ్లల్ల ఉప్పు ఎంతుందో చూపించే మీటర్) సాంద్రత 1.025 చూపించేటట్టు చూస్కోవాలె. కిచెన్ల ఉప్పు నడవది, దాంట్ల కాల్షియం, మెగ్నీషియం లాంటియి సముద్రంల ఉన్నట్టు ఉండయ్. కొందరు సూర్యలంక బీచ్ పోయి డబ్బాలల్ల నీళ్లు పట్టుకొస్తమంటరు, వద్దు, ఒడ్డు పక్క నీళ్లల్ల మురికి ఉంటది, పైగా దాంట్ల సూక్ష్మజీవులు డబ్బాలనే చచ్చి కుళ్లుతయ్.

"బోరు నీళ్లు మోటర్ ఏసి నింపుదాం"
మన బోర్లల్ల టీడీఎస్, అంటే నీళ్లల్ల కరిగిన లవణాల లెక్క, వందలల్ల ఉంటది. ఆర్ఓ నీళ్లే వాడాలె, అదిగూడ మిగిలిన లవణాలను గుంజే డీఐ కాట్రిడ్జ్ దాటి టీడీఎస్ జీరో దగ్గరికి వస్తెనే. ఇంట్ల తాగే ఆర్ఓల రుచి కోసం కొంచెం మామూలు నీళ్లు కలుస్తయ్, మీటర్ పెట్టి చూడుండ్రి.

"రెండు రోజులు ఫిల్టర్ తిప్పినం, చేపలు వేద్దామా?"
చేపలు చచ్చేది ఎక్కువ ఇక్కడనే. చేపల మలం, మిగిలిన తిండి నుంచి అమ్మోనియా వస్తది, అది విషం. ఒక జాతి బ్యాక్టీరియా దాన్ని నైట్రైట్ చేస్తది, అదిగూడ మంచిది కాదు, ఇంకో జాతి దాన్ని నైట్రేట్ చేస్తది, అది కొంచెం ఉన్నా నడుస్తది, నీళ్లు మారుస్తుంటె తగ్గుతది. ఈ బ్యాక్టీరియా రాళ్ల మీద, ఇసుకల ఊరనీకి మామూలుగ 4 నుంచి 6 వారాలు పడతది. ఖాళీ ట్యాంక్ తిప్పితె ఊరదు, దానికి తిండి కావాలె, అంటే అమ్మోనియా చుక్కలు లేకపోతె కొంచెం చేపల మేత వెయ్యాలె. సీసా బ్యాక్టీరియా పోస్తె తొందరగ కావొచ్చు గానీ టెస్ట్ కిట్ల అమ్మోనియా, నైట్రైట్ రెండూ జీరో రాంది చేపలు తేవద్దు, "ఇయ్యాల్నే వేస్కో అన్నా" అనే షాపుకు దండం పెట్టి రాండ్రి.

"మన ఎండలకు చిల్లర్ (నీళ్లు చల్లబరిచే మిషన్) లేంది కాదు"
సగం నిజం. నీళ్లు 25-27 డిగ్రీలుండాలె, వేడెక్కిన కొద్దీ నీళ్లల్ల ఆక్సిజన్ తగ్గుతది. మన మే నెల ఎండ పొడి ఎండ, అందుకే నీళ్ల మీదికి చిన్న ఫ్యాన్ పెడితె ఆవిరై రెండు మూడు డిగ్రీలు దిగుతది. వానలు పడ్డంక గాలిల తేమ పెరిగి అదే ఫ్యాన్ అంత పని చెయ్యది. రూంల ఏసీ లేకపోతె, పగడాలు గూడ పెట్టాలనుకుంటె, చిల్లర్‌కు పైసలు పక్కన పెట్టుకోండ్రి. కరెంటు పోతె పనికొస్తదని బ్యాటరీ ఎయిర్ పంపు మాత్రం తప్పకుంట ఉంచుకోవాలె.

ఆవిరైతే తగ్గేది నీళ్లే, ఉప్పు ట్యాంక్లనే ఉంటది. తగ్గినకాడికి ఉత్త ఆర్ఓ నీళ్లు పొయ్యాలె, ఉప్పు నీళ్లు పోస్తె రోజురోజుకు చిక్కనైతది.

"ఫస్టు కదా, చిన్న ట్యాంక్ చాలు"
ఉల్టా. 20 లీటర్లల్ల ఒక్క చేప చచ్చినా నీళ్లన్నీ ఖరాబైతయ్. 100 లీటర్లకు తక్కువ నేనైతె సెట్ చెయ్య.

"క్లౌన్ ఫిష్‌కు ఎనిమోన్ ఉండాల్సిందే"
అవసరం లేదు. ఎనిమోన్ అంటె కుట్టే తీగెలున్న సముద్ర జీవి, సముద్రంల వేరే చేపలు తినకుంట క్లౌన్ ఫిష్ దాంట్ల దాక్కుంటది, ట్యాంక్ల ఆ భయం లేదు. ఎనిమోన్‌కు మంచి లైటు, ముదిరిన ట్యాంక్ కావాలె, కొత్తోళ్లు జోలికి పోవద్దు. క్లౌన్ ఫిష్ హేచరీల పుట్టినయే అడగండ్రి, మన దేశంల సీఎంఎఫ్ఆర్ఐ (కేంద్ర సముద్ర చేపల పరిశోధన సంస్థ) వాళ్లు గూడ వీటిని గుడ్ల నుంచి పెంచిండ్రు, సముద్రంల పట్టినవాటి కన్నా మేత తొందరగ అలవాటైతది. బ్లూ ట్యాంగ్ అనే నీలం రంగు సముద్ర చేప చిన్నగున్నప్పుడు ముద్దుగుంటది, పెద్దగైతె 30 సెంటీమీటర్ల దాకా పెరుగుతది, 100 లీటర్లల్ల దానికి జైలే. మన సముద్రంల నుంచి తీసిన గట్టి పగడాలు, సముద్ర గుర్రాలు ఎవరన్న అమ్మజూపితె కొనకుండ్రి, 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద కేసైతది.

కొత్తోళ్లు దసరా, దీపావళి దాటినంక మొదలుపెట్టుండ్రి. ఎండకాలం వచ్చేవరకు ట్యాంక్ కుదురుకుంటది, ఫ్యాన్ సరిపోతదా లేదా ఫిబ్రవరి, మార్చిలనే తెలుస్తది.