చాక్లెట్‌లో చెంచాడు పాలు: కుకీ ట్రఫుల్స్ మీద అపోహలు, వాస్తవాలు

రాఖీ పండగ వారం, దీపావళి వారం, డిసెంబరు చివరి వారం. ఈ మూడు వారాల్లో నాకొచ్చే వాయిస్ మెసేజ్‌లలో ఏముందో వినకుండానే చెప్పేయగలను. "అక్కా, చాక్లెట్ ముద్దయిపోయింది, ఇప్పుడేం చెయ్యను?" నేను అడిగేది ఒకటే. "అందులో ఏం పోశావమ్మా?" అవతల కాసేపు ఉలుకూ పలుకూ ఉండదు. తర్వాత మెల్లగా, "కొంచెం పాలే అక్కా. చెంచాడు."

విజయవాడలో ఇంటి దగ్గరే చాక్లెట్ క్లాసులు చెప్తాను, ఆర్డర్లు కూడా తీసుకుంటాను. కేక్ అంటే భయపడేవాళ్ళు సైతం కుకీ ట్రఫుల్స్ అనేసరికి ధైర్యంగా వస్తారు. ఓవెన్ అక్కర్లేదు కదా. బిస్కెట్లు మెత్తగా పొడి కొట్టి, క్రీమ్ చీజ్‌తోనో మిల్క్‌మెయిడ్‌తోనో కలిపి, ఉండలు చుట్టి, ఫ్రిజ్‌లో పెట్టి, కరిగించిన చాక్లెట్‌లో ముంచి తీయడమే. ఉండల దాకా ఎవరికీ ఇబ్బంది రాదు, చిన్నప్పటి నుంచి సున్నుండలు చుట్టిన చేతులు మనవి. డబ్బులు పోయేదంతా ఆ ముంచే దగ్గరే. బిస్కెట్ ప్యాకెట్ ఖరీదెంత, చాక్లెట్ స్లాబ్ ఖరీదెంత? అందుకే మిగతావాటి కంటే దీని గురించే ఎక్కువ రాస్తున్నాను.

అపోహ: కరిగిన చాక్లెట్ చిక్కగా ఉంటే కాసిని పాలో నీళ్ళో పోసి పలచన చేసుకోవచ్చు.

వాస్తవం: ముంచడానికి పెట్టుకున్న చాక్లెట్‌లో ఒక్క చుక్క కూడా పడకూడదు.

సాంబారు చిక్కబడితే నీళ్ళు, పాయసం చిక్కబడితే పాలు. మన వంటింట్లో చిక్కబడిన ప్రతిదానికీ ఇదే మందు. చేయి అలవాటుగా అటే వెళ్తుంది, అందుకు ఎవరినీ తప్పు పట్టను. కానీ చాక్లెట్ సంగతి వేరు. అందులో నీరు దాదాపు ఉండదు. కోకో, పంచదార, పాలపొడి కంటికి కనపడనంత సన్నటి రేణువులుగా కొవ్వులో తేలుతుంటాయి. కొవ్వు కరిగి ఉన్నంతసేపూ అవి ఒకదాని పక్క నుంచి ఒకటి జారుతుంటాయి కాబట్టే చాక్లెట్ ధారగా పడుతుంది. అందులో నాలుగు చుక్కల నీరు పడిందంటే పంచదార రేణువుల పైపైన కరిగి జిగురవుతుంది, పక్క రేణువుల్ని పట్టేసుకుంటుంది. పంచదార డబ్బాలో తడి చెంచా పెడితే గడ్డలు కడుతుంది చూడండి, ఇక్కడ జరిగేదీ అదే. మెరుస్తూ జారుతున్న చాక్లెట్ నిమిషంలో మసకబారుతుంది, గిన్నె అంచుల్ని వదిలేస్తుంది, గరగరలాడే ముద్దగా గరిటెకి చుట్టుకుంటుంది.

ఇంకా పాపం ఏం చేస్తారంటే, వేడి చాల్లేదేమో అనుకుని మంట పెంచుతారు. దాంతో అడుగు మాడుతుంది. వైట్ చాక్లెట్ అయితే మరీ తొందరగా.

"నేను అసలు నీళ్ళే పోయలేదండీ" అనేవాళ్ళు ఇంకో సగం మంది. వాళ్ళు అబద్ధం చెప్పడం లేదు. నీళ్ళు వాళ్ళ కన్నుగప్పి వచ్చాయి. వేడి చల్లారకూడదని గిన్నె మీద మూత పెడతారు. మూతకి పట్టిన ఆవిరి బొట్టుబొట్టుగా లోపలికి కారుతుంది. డబుల్ బాయిలర్‌లో, అంటే వేడినీళ్ళ గిన్నె మీద చాక్లెట్ గిన్నె పెట్టి కరిగించేటప్పుడు, కింద నీళ్ళు తెర్లుతుంటే ఆవిరి పక్కల నుంచి వచ్చి పడుతుంది. కింది నీళ్ళు మరగకూడదు, పై గిన్నె అడుగు ఆ నీళ్ళకి తగలకూడదు, పై గిన్నె కింది గిన్నెని పూర్తిగా కప్పేసేంత పెద్దదిగా ఉండాలి. చెక్క గరిటె కడిగి ఆరబెట్టినా లోపల తడి దాచుకుంటుంది, సిలికాన్ గరిటె వాడండి. అంట్లు అప్పుడే తోమి పెట్టిన గిన్నెని పొడిగుడ్డతో తుడిచి ఇంకో పది నిమిషాలు ఆగండి. మైక్రోవేవ్ ఉంటే సగం తలనొప్పి లేదు. ముక్కలు చేసి గాజు గిన్నెలో వేసి, 30 సెకన్లు పెట్టి కలపాలి, ఆ తర్వాత ప్రతిసారీ 15 సెకన్లే. ఇంకా కాసిని ముక్కలు కరగాల్సి ఉండగానే ఆపేసి కలుపుతూ ఉంటే ఆ వేడికే అవీ కరుగుతాయి.

అన్నిటికంటే మోసం చేసేవి ఎసెన్స్, రంగు. ఒకమ్మాయి వాళ్ళ అక్క సీమంతానికని వైట్ కాంపౌండ్‌తో (కోకో కొవ్వు బదులు వేరే కొవ్వుతో చేసే చాక్లెట్) గులాబీ రంగు ట్రఫుల్స్ మొదలుపెట్టింది. రాత్రి పదింటికి వీడియో కాల్ చేసింది. గిన్నెలో గులాబీ రంగు సున్నం గడ్డల్లాంటివి కనిపించాయి. పాలు పోయలేదు, ఆవిరి తగల్లేదు, అన్నీ నేను చెప్పినట్టే చేసింది. రోజ్ ఎసెన్స్ సీసా చూపించమన్నాను. ఆ పక్కనే ఐస్‌క్రీమ్‌లో వేసే ద్రవం రంగు కూడా ఉంది. రెండూ నీళ్ళతో చేసినవే. పిల్ల కళ్ళనీళ్ళు పెట్టుకుంది, పొద్దున్నే ఫంక్షన్. చాక్లెట్‌కి ఆయిల్ బేస్ రంగులు, ఆయిల్ బేస్ ఫ్లేవర్లు వేరే దొరుకుతాయి. బేకింగ్ సామాన్ల కొట్లో ఆ మాట గట్టిగా అడిగి, సీసా మీద చదివి మరీ కొనండి. అవి లేకపోతే పొడి రంగు వాడండి. రోజ్ ఎసెన్స్ వేయాలనే ఉంటే లోపలి ఉండలో వేసుకోండి, అక్కడ ఏ ఇబ్బందీ లేదు.

మరి నిజంగానే చిక్కగా ఉంటే? ముందు అది చల్లారిందేమో చూడండి. ఫ్రిజ్‌లోంచి తీసిన ఉండలు పదీ పన్నెండు ముంచేసరికి చాక్లెట్ దానంతటదే చల్లబడి చిక్కబడుతుంది. ఇంకా మెరుస్తూనే ఉంటే పది సెకన్లు వేడి చేస్తే చాలు. అప్పటికీ ధార పడకపోతే 250 గ్రాములకి ఒక టీస్పూను వాసన లేని రిఫైన్డ్ నూనె. చాలకపోతే ఇంకొకటి, అంతకుమించి వద్దు, పైపొర గట్టిపడదు. వెన్న వేయొచ్చా అని అడుగుతారు. వెన్నలో దాదాపు 16 శాతం నీరే. నెయ్యిలో ఆ గొడవ లేదు కానీ తిన్నవాళ్ళకి మైసూర్‌పాక్ గుర్తొస్తుంది, మీ ఇష్టం.

ముద్దయిపోయినదాన్ని మాత్రం పారేయకండి. ఇది నేను క్లాసులో ఒక పెద్దావిడ సాయంతో రుజువు చేసిన సంగతి. కోడలితో పాటు ఊరికే చూడ్డానికి వచ్చారావిడ. ముద్దయిన చాక్లెట్ ఎలా ఉంటుందో చూపించడానికి కావాలనే నీళ్ళు చల్లి చూపించాను. పక్కన పెట్టబోతుంటే, "అంత సొమ్ము పారేస్తావుటమ్మా, వేడి పాలు పోసి కలుపు" అన్నారు. క్లాసులో అందరూ నవ్వారు, ఇప్పటిదాకా పాలు పోయొద్దనే కదా చెప్పింది! నేను నవ్వలేదు. ఆవిడ చేతికే గ్లాసుడు వేడి పాలు ఇచ్చాను. పోస్తూ కలుపుతుంటే ముద్ద విడిపోయి నున్నగా తిరిగొచ్చింది. చెంచాడు నీరైతే పంచదార జిగురై పట్టుకుంటుంది, ఎక్కువ పోస్తే ఆ పంచదార మొత్తం కరిగిపోతుంది, ఇక పట్టుకోవడానికి ఏమీ ఉండదు. ఆ రోజు పిల్లలందరికీ హాట్ చాక్లెట్. ట్రఫుల్స్‌కే వాడాలనుకుంటే, ముద్దయిన 300 గ్రాముల డార్క్ కాంపౌండ్‌కి 150 మిల్లీలీటర్ల వేడి ఫ్రెష్ క్రీమ్ పోసి కలపండి. గనాష్ అవుతుంది. దాంట్లో బిస్కెట్ పొడి కలిపి చల్లార్చి ఉండలు చుట్టి కోకో పౌడర్‌లో దొర్లించండి. ముంచడానికి మాత్రం అది ఇక పనికిరాదు. కొత్త స్లాబ్ తీయాల్సిందే.

అపోహ: ఫ్రిజ్‌లోంచి తీశాక తెల్ల మచ్చలు వచ్చాయి, బూజు పట్టింది.

ఈ భయంతో డబ్బాకి డబ్బా చెత్తబుట్టలో పోసేసిన తల్లులున్నారు. పిల్లలు తినే వస్తువు, భయం న్యాయమే. కానీ చాలాసార్లు అది బూజు కాదు. మన ఊళ్ళో గాలిలో తేమ ఎక్కువ. చల్లటి ట్రఫుల్‌ని తీసి బల్ల మీద పెట్టగానే దానికి చెమట పడుతుంది. ఆ తడికి పైనున్న పంచదార కరిగి, ఆరాక తెల్లగా, గరుగ్గా మిగిలిపోతుంది. ఇంకో రకం మచ్చ కొవ్వుది. వేడికి మెత్తబడి మళ్ళీ గట్టిపడినప్పుడు కొవ్వు పైకి తేలి బూడిద రంగులో కనిపిస్తుంది, వేలితో రుద్దితే పోతుంది. రెండూ తినడానికి మంచివే, చూడ్డానికే బాగోవు. బూజైతే నూగుగా ఉంటుంది, పచ్చగానో నల్లగానో తిరుగుతుంది, వాసన కూడా వస్తుంది. ఫ్రిజ్‌లోంచి తీసిన డబ్బా మూత వెంటనే తీయకండి. డబ్బా మొత్తం గది వేడికి వచ్చేదాకా మూత ఉంచితే ఆ చెమటేదో డబ్బాకే పడుతుంది.

అపోహ: ఇందులో వండేదేముంది, బిస్కెట్లే కదా, ఎన్నాళ్ళైనా ఉంటాయి.

లోపల ఏం కలిపారన్నదే లెక్క. ఓరియో బిస్కెట్లు 120 గ్రాములకి 65 గ్రాముల క్రీమ్ చీజ్ కలిపితే రుచి అద్భుతంగా ఉంటుంది, కానీ అది ఫ్రిజ్ సరుకు. మామూలు రోజుల్లో బయట రెండు గంటలు, 32 డిగ్రీలు దాటే ఎండల్లో గంట, అంతే. పుట్టినరోజు పార్టీలో పొద్దుట్నుంచి సాయంత్రం దాకా బల్ల మీదున్నవి పైకి ఎంత చక్కగా ఉన్నా తినకండి, ఎవరికీ పెట్టకండి. మిల్క్‌మెయిడ్‌తో చేస్తే పంచదార ఎక్కువ కాబట్టి కొంత నయం. ఆ 120 గ్రాములకి మూడు టేబుల్ స్పూన్లు, అదీ కొద్దికొద్దిగా. మారీ బిస్కెట్లయితే ఇంకాస్త పీలుస్తాయి. ఇవీ ఫ్రిజ్‌లోనే పెట్టించి వారంలోపు అవగొట్టమని చెప్తాను.

దీని పక్కనే ఇంకో ప్రమాదం ఉంది. కుకీ డో ట్రఫుల్స్ అని పచ్చి మైదా, వెన్న, పంచదార కలిపి చుట్టేస్తున్నారు. "గుడ్డు వేయలేదు కదండీ, పచ్చిగా తింటే ఏమవుతుంది?" గుడ్డొక్కటే సమస్య అనుకోవడమే పొరపాటు. మైదా పచ్చి పిండి, పొలం నుంచి మిల్లు దాకా దాన్ని ఎవరూ ఉడికించలేదు. 2016లో అమెరికాలో పచ్చి పిండి వల్లే ఇ.కోలై అనే బాక్టీరియా సోకి జనం జబ్బు పడ్డారు, మార్కెట్ నుంచి పిండి ప్యాకెట్లు వెనక్కి తీసుకున్నారు. మైక్రోవేవ్‌లో రెండు నిమిషాలు పెడితే సరిపోతుందని వీడియోల్లో చెప్తారు. ఇంట్లో అలా వేడి చేస్తే సూక్ష్మజీవులన్నీ చచ్చాయన్న భరోసా లేదని అమెరికా ఆహార నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ వాళ్ళే అంటున్నారు. బిస్కెట్ పొడి ఒకసారి కాలినదే, హాయిగా దాన్నే వాడుకోక ఈ తిప్పలెందుకు?

ఇక మిగతావి. కాంపౌండ్‌లో మైనం కలుపుతారని ఏటా ఎవరో ఒకరు ఫార్వర్డ్ పంపుతారు. కలపరు. కోకో బటర్ బదులు వేరే వెజిటబుల్ ఫ్యాట్ ఉంటుంది, ప్యాకెట్ మీద రాసే ఉంటుంది, చదువుకోవచ్చు. రుచిలో కోవర్చర్‌కి, అంటే కోకో బటర్‌తో చేసే అసలు చాక్లెట్‌కి, సాటిరాదు, ఒప్పుకుంటాను. కానీ కోవర్చర్‌ని టెంపర్ చేయాలి. డార్క్ అయితే 45 నుంచి 50 డిగ్రీల దాకా కరిగించి, 27-28కి దించి, మళ్ళీ 31-32కి తెచ్చి ముంచాలి. థర్మామీటర్, ఏసీ గది లేకుండా మొదటి రోజే దాని జోలికి పోవద్దు. కాంపౌండ్‌తో చేయి తిరిగాక చూసుకోవచ్చు.

చాక్లెట్‌లో గుడ్డుంటుందా అని శనివారాలు పాటించే పెద్దవాళ్ళు అడుగుతారు. మామూలు స్లాబుల్లో ఉండదు, ప్యాకెట్ మీద పచ్చ చుక్క చూసుకుంటే అనుమానం తీరిపోతుంది. ఉండలు ఫ్రీజర్‌లో రాత్రంతా పెడితే ఇంకా బాగా వస్తాయా? రావు, ముంచగానే పైపొర పగులుతుంది. ఫ్రిజ్‌లో అరగంట చాలు. ఇంట్లో చేసి అమ్మేవాళ్ళకి లైసెన్స్ గొడవ లేదన్నది కూడా తప్పే, మన దేశ ఆహార భద్రతా సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ రిజిస్ట్రేషన్ ఇంటి వంటకీ ఉండాలి.

హైదరాబాద్ హాస్టల్లో ఉన్న పిల్లలకి మే నెలలో బస్సు పార్సిల్‌లో పంపొచ్చా అని కూడా చాలామంది అడుగుతున్నారు. చాక్లెట్‌లో ముంచినవి పంపకండి, బస్సు డిక్కీ వేడికి డబ్బాలో అన్నీ కలిసి ఒకే పలక అవుతాయి. పంపాలనే ఉంటే మిల్క్‌మెయిడ్‌తో గట్టిగా చుట్టి, కోకో పౌడర్‌లోనో ఎండు కొబ్బరి పొడిలోనో దొర్లించి, ఒక్కోదాన్నీ పేపర్ కప్పులో పెట్టి, రాత్రి బస్సుకి ఎక్కించండి. క్రీమ్ చీజ్‌వి పిల్లలు సెలవులకి ఇంటికొచ్చినప్పుడు చేసి పెట్టండి.