పృథ్వి నుంచి ప్రళయ్ దాకా: అసలు మలుపు ఇంధనం దగ్గరే

2025 జులై 28, 29 తేదీల్లో ప్రళయ్ క్షిపణిని వరుసగా రెండుసార్లు పరీక్షించారు. ఆగస్టులో పాకిస్థాన్, క్షిపణులన్నీ ఒక్కచోట చూసుకునే ప్రత్యేక రాకెట్ దళం పెడుతున్నట్టు ప్రకటించింది. మనకూ అలాంటి దళం కావాలా అన్న వాదన అప్పటి నుంచి రగులుతూనే ఉంది. ప్రళయ్‌కీ, అంతకుముందు తరం క్షిపణి పృథ్వికీ పుట్టిల్లు హైదరాబాదే కాబట్టి ఇక్కడ ఆ వేడి ఇంకాస్త ఎక్కువ.

కలాం గారి రోజులు, 1983 నాటి క్షిపణి కార్యక్రమం అందరికీ తెలిసినవే. నా దృష్టిలో కథ మలుపు తిరిగింది పృథ్వి ఇంధనం దగ్గర. 1970లలో హైదరాబాద్ కంచన్‌బాగ్‌లోని రక్షణ పరిశోధన ప్రయోగశాల డీఆర్‌డీఎల్ ‘డెవిల్’ ప్రాజెక్టు కింద ఒక సోవియట్ క్షిపణిని విప్పి చూసి నేర్చుకుంది. ప్రాజెక్టు ఆగిపోయినా ద్రవ ఇంధన ఇంజిన్ పనితనం చేతికొచ్చింది. దాంతోనే పృథ్వి తయారై, 1988 ఫిబ్రవరి 25న శ్రీహరికోటలో నింగికెగిరింది. అప్పటికి అదే సరైన దారి.

కానీ ఆ ఇంజిన్‌తో పాటు, ఇంధనాన్ని మండించే గాఢ నైట్రిక్ యాసిడ్ కూడా సైన్యం నెత్తిన పడింది. మూత తీస్తే ఎర్రటి పొగ. పీలిస్తే ఊపిరితిత్తులు పాడవుతాయి, మీద పడితే చర్మం కాలుతుంది. రక్షణ సూట్లు, మాస్కులు వేసుకుని ప్రయోగానికి ముందు నింపాలి. లాంచర్ వెనకే ఇంధన ట్యాంకర్లు కదలాలి. యుద్ధంలో అంత బలగాన్ని శత్రువు కంటపడకుండా దాచడం ఎంత కష్టం!

పైగా పృథ్వి అణ్వాయుధాన్నీ మోయగలదు. 300 కిలోమీటర్ల దూరం చేరడానికి పట్టేది నాలుగైదు నిమిషాలే. ముక్కులో ఉన్నది అణ్వాయుధమో, మామూలు పేలుడు పదార్థమో అవతలివాడి రాడార్ చెప్పదు.

2021 డిసెంబర్ 22న తొలిసారి పరీక్షించిన ప్రళయ్‌ది ఘన ఇంధనం. నింపే పనే లేదు, ట్రక్కు మీద సిద్ధంగా ఉంటుంది. 150 నుంచి 500 కిలోమీటర్ల దాకా కొడుతుంది, దారిలో మలుపులు తిరుగుతుంది కాబట్టి అడ్డుకోవడం కష్టం. పైలట్ ప్రాణం పణం పెట్టకుండా రన్‌వేనో, ఆయుధ డిపోనో మామూలు పేలుడు పదార్థంతో దెబ్బతీయడమే దీని పని.

ఒక్కో క్షిపణికి బోలెడు ఖర్చని, అవతలివాడికి అణు క్షిపణికీ దీనికీ తేడా తెలియదని అభ్యంతరపెట్టేవాళ్లున్నారు. రెండో మాటలో బలం ఉంది. అందుకే అణ్వాయుధాలు చూసే కమాండ్‌కు దూరంగా, మామూలు ఆయుధాలే ఉండే దళం చేతిలో ప్రళయ్‌ని పెట్టాలి. ఫిరంగి దళం కిందా, కొత్త దళం కిందా అన్నది ఆ తర్వాతి మాట.