మెదడులో క్యాన్సర్, ఒంట్లో ఓపిక లేని మనిషి: నేను రోజూ వినే అపోహలు

బెంగళూరులో పాలియేటివ్ కేర్ డాక్టరుగా, అంటే జబ్బు నయం కాకపోయినా దాని బాధలు తగ్గించే వైద్యం చేస్తూ పనిచేస్తున్నాను. నా దగ్గరికొచ్చే తెలుగువాళ్లలో చాలామంది హిందూపురం, అనంతపురం, మదనపల్లె వైపు వాళ్లే. ఫైలు చేతిలో పెట్టుకుని గుమ్మంలోనే అడుగుతారు, "ఇక్కడికి పంపారంటే ఇంక చేతులెత్తేసినట్టేనా డాక్టరమ్మా?" అని. కాదు. తలనొప్పి, వాంతులు, ఫిట్స్, నిద్ర, ఇంట్లోవాళ్ల టెన్షన్, ఇవన్నీ వైద్యం చేయాల్సినవే, వాటి కోసమే మేమున్నాం.

అపోహ: తలకు కరెంటు (రేడియేషన్) పెట్టించకపోతే మనిషిని వదిలేసినట్టే.

ఊపిరితిత్తుల నుంచి మెదడుకు పాకిన క్యాన్సర్‌లో, ఆపరేషన్‌కు పనికిరాని 538 మంది మీద బ్రిటన్, ఆస్ట్రేలియాల్లో చేసిన అధ్యయనం 2016లో వచ్చింది. తల మొత్తానికి ఐదు సిట్టింగుల రేడియేషన్ ఇచ్చినవాళ్లు సగటున 9.2 వారాలు, మందులతో మాత్రమే చూసుకున్నవాళ్లు 8.5 వారాలు బతికారు. ఇంతా చేసి రోజులు గడిచిన తీరులోనూ పెద్ద తేడా లేదు. అందరికీ వద్దని నేననడం లేదు, ఓపికున్న మనిషికి, ఒకటి రెండు గడ్డలే ఉంటే లెక్క వేరు. మెదడులోనే పుట్టిన గడ్డకైనా పెద్దవాళ్లకు ఆరు వారాల బదులు మూడు వారాల్లో ముగించే పద్ధతి ఉంది. కానీ కూర్చోలేని మనిషిని కారులో పడుకోబెట్టి సిల్క్ బోర్డు ట్రాఫిక్‌లో తిప్పేముందు, దీనివల్ల ఆయనకు ఏం ఒరుగుతుందని రేడియేషన్ రాసిన డాక్టర్నే సూటిగా అడగండి.

అపోహ: స్టెరాయిడ్‌తో లేచి కూర్చున్నాడు కాబట్టి జబ్బు తగ్గింది.

అందరూ పొరపడేది ఇక్కడే. డెక్సామెథాసోన్ అనే ఈ స్టెరాయిడ్ గడ్డ చుట్టూ ఉన్న వాపును తీస్తుంది, గడ్డను కాదు. రెండు మూడు రోజుల్లో మంచం మీది మనిషి కాఫీ అడుగుతాడు, ఇంట్లో పండగే. హిందూపురం నుంచి ఒకమ్మాయి వాళ్ల నాయనను తీసుకొచ్చింది. "బాగా తింటున్నాడు మేడమ్, ముఖం కూడా నిండింది, కానీ బాత్రూమ్‌లో కూర్చుంటే లేవలేకపోతున్నాడు, జబ్బు కాళ్లకు దిగిందేమో" అంది. చేతులు ఆనించకుండా కుర్చీలోంచి లేవమన్నాను. రెండుసార్లు ముందుకు ఊగాడు, తొడలు వణికాయి, చేతులు వాటంతటవే కుర్చీ అంచుల్ని వెతుక్కున్నాయి. నా చెయ్యి మాత్రం గట్టిగానే పట్టుకున్నాడు. వారానికని రాసిచ్చిన మాత్రలను అదే చీటీతో ఊళ్లో మెడికల్ షాపులో మూడు నెలలు కొన్నారు! తొడ కండ కరిగింది, షుగర్ పెరిగింది, రాత్రుళ్లు నిద్ర లేదు. మెల్లగా డోసు తగ్గించాం, నెలన్నరకు ఒక చెయ్యి ఆనించి లేచాడు. మీరు మాత్రం సొంతంగా ఒక్కసారిగా ఆపకండి, అది ఇంకా ప్రమాదం. పొద్దున టిఫిన్ తిన్నాక వేయండి, ఎంత తక్కువలో పని జరుగుతుందో అంతే వాడాలి.

అపోహ: ఫిట్స్ వస్తే చేతిలో తాళాలు పెట్టాలి.

తాళాలు వద్దు, నోట్లో చెంచా అసలే వద్దు. పక్కకు తిప్పి పడుకోబెట్టి గడియారం చూడండి. ఐదు నిమిషాలు దాటితే ముక్కులో కొట్టే మిడజొలాం స్ప్రే వాడాలి, అది ముందే రాయించుకుని ఇంట్లో ఉంచుకోండి. ఫిట్స్ మాత్ర మింగలేని రోజు వస్తే ఊరుకోకుండా ఫోన్ చేయండి, చర్మం కింద సూదితో ఇచ్చే దారి ఉంది.

అపోహ: నొప్పికి మార్ఫిన్ ఇస్తే తొందరగా పోతారు.

సరైన డోసులో ఇస్తే అలా జరగదు. మలబద్ధకం మాత్రం ఖాయం, దానికి మందు మొదటి రోజు నుంచే తోడుండాలి.

ఇంటి దగ్గర చూసుకోలేకపోతే? బెంగళూరులో ముదిరిన క్యాన్సర్ రోగులను చేర్చుకుని చూసే కరుణాశ్రయ 1999 నుంచి ఉచితంగానే చూస్తోంది, అక్కడ చేర్చడం తప్పేమీ కాదు.

ఇక చివరిది, అడగడానికి అందరూ మొహమాటపడేది: "తిండి మానేశాడు, ఆకలితో చచ్చిపోతాడేమో". జబ్బు ముదిరి ఒళ్లు ఒక్కో పనీ ఆపుకుంటున్నప్పుడు ఆకలి దానంతటదే పోతుంది. మత్తుగా ఉన్న మనిషికి గంజి పోస్తే అది ఊపిరితిత్తుల్లోకి పోతుంది, దగ్గు, ఆయాసం, న్యుమోనియా. మెలకువగా ఉన్నప్పుడు, కూర్చోబెట్టి, అడిగితేనే రెండు చెంచాలు పెట్టండి. మిగతా వేళ దూదితో పెదాలు, నాలుక తడపండి. ఆయనకు కాఫీ ఇష్టమైతే ఆ దూదిని కాస్త కాఫీలో ముంచి పిండండి, ఏ డాక్టరూ తిట్టరు.