పార్కిన్సన్స్ ఉన్నవాళ్లకి కేర్ హోమ్ చూస్తున్నారా? అపోహలు - వాస్తవాలు

నేను ఫిజియోథెరపిస్ట్‌ని. హైదరాబాద్‌లో ఎక్కువగా పార్కిన్సన్స్ (కదలికలు నెమ్మదించి ఒళ్లు బిగుసుకుపోయే మెదడు జబ్బు) పేషెంట్లనే చూస్తాను. అమెరికా నుంచి పిల్లలు ఫోన్ చేస్తే మొదట వచ్చే మాట ఇదే: "హోమ్‌లో 24 గంటలూ నర్స్ ఉంటుందట, ఇక మందుల టెన్షన్ లేదు కదండీ?"

ఉంది. అన్నిటికంటే పెద్ద టెన్షన్ అదే.

చాలా హోముల్లో మందులన్నీ టిఫిన్, భోజనం వేళలకి కలిపి ఇచ్చేస్తారు. పార్కిన్సన్స్‌కి ఇచ్చే ముఖ్యమైన మందు లెవోడోపాకి అది కుదరదు. జబ్బు ముదిరేకొద్దీ ఒక్కో డోసు పనిచేసే సమయం తగ్గుతుంది. అరగంట ఆలస్యమైనా కొందరు కుర్చీలోనే బిగుసుకుపోతారు. పైగా పెసరట్టు, గుడ్డు, పెరుగులో ఉండే ప్రోటీన్ ఆ మందు ఒంటికి పట్టకుండా అడ్డుపడుతుంది. బ్రిటన్‌లో వైద్య ప్రమాణాలు నిర్ణయించే సంస్థ నైస్ (NICE) ప్రమాణమైతే, కేర్ హోమ్‌లో ఉన్నా సరే, డాక్టరు రాసిన వేళకి 30 నిమిషాల లోపే లెవోడోపా అందాలంటుంది.

ఒక లెక్కల మాస్టారికి భార్య అలారం పెట్టుకుని రోజుకి ఐదుసార్లు మాత్ర వేసేవారు. హోమ్‌లో చేరాక అది మూడు పూటలైంది. వారం తిరక్కుండానే ఆయన మంచం దిగలేకపోయారు. "జబ్బు ముదిరింది" అని హోమ్ వాళ్లు కొడుక్కి చెప్పేశారు. ఆ అబ్బాయి ఫోన్లో ఏడ్చాడు. నేను వెళ్లి మందుల చార్ట్ చూశాను. డాక్టరు గారితో మాట్లాడి పాత వేళలు పెట్టించాక ఆయన మళ్లీ లేచి నడిచారు.

అందుకే, మధ్యాహ్నం రెండు గంటలకి మాత్ర ఎవరు వేస్తారు, ఆ మనిషి సెలవు పెడితే ఎవరు వేస్తారు అని అడగండి. చార్ట్ చూపించమనండి. వాంతులకి మెటోక్లోప్రమైడ్, కలవరింతలకి హాలోపెరిడాల్ పార్కిన్సన్స్‌ని ఇంకా పెంచుతాయి కాబట్టి ఇవ్వొద్దని ఫైలు మీద డాక్టరు చేత రాయించండి.

పార్కిన్సన్స్ అంటుకుంటుందని పళ్లెం వేరు పెట్టేవాళ్లు ఇంకా ఉన్నారు. అంటదు, అంతే. వణుకు లేకపోతే పార్కిన్సన్స్ కాదనడమూ తప్పే. మెరిసే ఫ్లోరింగ్ చూసి మురిసిపోకండి. కాళ్లు నేలకి అతుక్కుపోయినట్టు ఆగిపోయేది ఇరుకు గుమ్మాల్లో, మలుపుల్లో. బాత్రూమ్ దాకా మీరే నడిచి చూడండి.

హోమ్‌లో చేరిస్తే వదిలేసినట్టే అనే మాట వినీ వినీ నాకు విసుగొచ్చింది. మాస్టారి భార్యకి మోకాళ్లు అరిగిపోయాయి. రాత్రికి మూడుసార్లు ఆయన్ని పక్కకి తిప్పడం ఆవిడ వల్ల కాలేదు. ఇప్పుడు రోజూ ఐదుంపావుకల్లా హోమ్‌కి వస్తారు. ఐదున్నరకి వేయాల్సిన మాత్ర ఆవిడే వేస్తారు.