రట్లాండ్: ఒక చిన్న కౌంటీ, ఎన్నో హద్దులు

ఇంగ్లండ్‌లోని ఓకమ్ అనే చిన్న పట్టణంలో ఒక స్థానిక పాలనా సంస్థ ఉంది. చట్టం ప్రకారం దాని పూర్తి పేరు ‘రట్లాండ్ కౌంటీ కౌన్సిల్ డిస్ట్రిక్ట్ కౌన్సిల్’. కౌంటీని మన జిల్లాగా, దాని కింది డిస్ట్రిక్ట్‌ను మండలంగా అనుకుంటే, జిల్లా పరిషత్తు, మండల పరిషత్తు అన్న మాటలు రెండూ ఒకే బోర్డు మీద పక్కపక్కన రాసినట్టుండే ఈ పేరు ఏ గుమాస్తా పొరపాటు వల్లా రాలేదు. గ్రామీణ ఇంగ్లండ్‌లో పాలన ఎన్నిసార్లు చేతులు మారిందో, ఎన్నిసార్లు హద్దులు చెరిపి మళ్లీ గీశారో ఆ పేరు విప్పి చూస్తే తెలుస్తుంది.

రట్లాండ్ విస్తీర్ణం సుమారు 382 చదరపు కిలోమీటర్లు. 2021 జనాభా లెక్కల నాటికి అక్కడ ఉన్నవారు దాదాపు 41 వేల మంది. మనవైపు రెండు మండలాలు కలిపినంత నేల, ఒక చిన్న పురపాలక సంఘానికి సరిపోయే జనం అన్నమాట. పట్టణాలు ఓకమ్, అప్పింగమ్ రెండే. మిగిలినదంతా గ్రామాలు, పొలాలు, పచ్చిక బీళ్లు. ఇంత చిన్న ప్రాంతం కౌంటీ ఎలా అయిందంటే, ఫ్రాన్స్ నుంచి నార్మన్లు వచ్చి ఇంగ్లండ్‌ను జయించకముందు ఈ భూమి ఇంగ్లండ్ రాణుల భరణానికి కేటాయించినది కావడం ఒక కారణం. ఇంగ్లండ్ భూములను నమోదు చేసిన 1086 నాటి డూమ్స్‌డే లెక్కల్లో ‘రోట్‌లాండ్’ను పన్నుల కోసం నాటింగమ్‌షైర్‌కు జతచేసి చూపారు. పన్నెండో శతాబ్దం చివరికి అది వేరే కౌంటీగా కనిపిస్తుంది. అదే కాలంలో కట్టిన ఓకమ్ కోటలోని సభామందిరం ఇప్పటికీ నిలిచి ఉంది. ఈ ఊరికి తొలిసారి వచ్చిన రాజవంశీకులు, ప్రభువులు ఒక గుర్రపు నాడాను సమర్పించుకోవాలన్నది అక్కడి ఆచారం కాబట్టి ఆ మందిరం గోడల నిండా రెండువందలకు పైగా నాడాలు తలకిందులుగా వేలాడుతుంటాయి. శతాబ్దాల పాటు కౌంటీ న్యాయస్థానం కొలువుదీరింది కూడా ఆ గోడల మధ్యనే.

అయితే సామాన్యుడి బతుకును తాకిన పాలన కోటలో కాదు, పారిష్‌లో సాగింది. ఒక చర్చి పరిధిలోని గ్రామాన్ని పారిష్ అంటారు. 1601 చట్టం పేదల పోషణ భారాన్ని పారిష్‌కే అప్పగించింది. భూమి, ఇళ్లు ఉన్నవారి నుంచి పన్ను వసూలు చేసి, పని లేనివారికీ వృద్ధులకూ అనాథలకూ పంచేవారు. రెండు శతాబ్దాలు గడిచేసరికి ఆ ఖర్చును ఒక్కొక్క ఊరు విడిగా మోయలేని స్థితి వచ్చింది. 1834లో కొత్త చట్టం చేసి, పారిష్‌లను గుంపులుగా కలిపి యూనియన్లు ఏర్పరచారు. ఒక్కొక్క యూనియన్‌కు పేదల పోషణ చూసేందుకు ఎన్నికైన గార్డియన్ల బోర్డు, పేదలతో పని చేయించి తిండి, నీడ ఇచ్చే ఒక వర్క్‌హౌస్ ఉండేవి. ఈ యూనియన్ల హద్దులను గీసినవారు కౌంటీ గీతలను పెద్దగా లెక్కచేయలేదు. రైతు ఏ సంతకు వెళతాడో ఆ సంత ఊరే కేంద్రం. అందువల్ల అప్పింగమ్ యూనియన్‌లోకి పక్కనున్న లీస్టర్‌షైర్, నార్తాంప్టన్‌షైర్ గ్రామాలు వచ్చి చేరాయి. రట్లాండ్ తూర్పు అంచున ఉన్న కెటన్ వంటి ఊళ్లేమో లింకన్‌షైర్‌లోని స్టామ్‌ఫర్డ్ యూనియన్‌లోకి వెళ్లాయి. నా దృష్టిలో ఇంగ్లండ్ గ్రామసీమల పాలనలో అతి సహజమైన హద్దులు ఇవే, ఎందుకంటే మనుషులు నిజంగా నడిచిన దారులను బట్టి అవి ఏర్పడ్డాయి.

పేదలకు తిండి పెట్టే బోర్డు చేతికే 1872లో మురుగు, తాగునీటి బాధ్యత కూడా వచ్చింది. గార్డియన్ల బోర్డులే గ్రామీణ పారిశుధ్య సంస్థలుగా వ్యవహరించాలని ఆ ఏటి చట్టం చెప్పింది. పన్ను కట్టేవారి ఓట్లతో గెలిచి, పన్ను పెంచకపోవడమే గొప్ప పనితనంగా భావించిన సభ్యులకు ఇది కొరుకుడుపడని పని. మూడేళ్లకే అప్పింగమ్‌లో వారికి పరీక్ష ఎదురైంది.

అప్పింగమ్ కొండ మీది ఊరు. ఇళ్లన్నీ దగ్గరదగ్గరగా ఉండేవి. తాగునీటి బావులకూ మరుగుదొడ్ల గుంతలకూ మధ్య ఎడం తక్కువ. ఆ ఊరికి ఆదాయమంతా అక్కడి పెద్ద వసతి పాఠశాల మీద ఆధారపడి ఉండేది. 1875 చివర్లో పాఠశాలలో టైఫాయిడ్ వ్యాపించి కొందరు విద్యార్థులు మరణించారు. టైఫాయిడ్ క్రిమిని అప్పటికి ఎవరూ చూడలేదు; జర్మనీ శాస్త్రవేత్త ఎబెర్ట్ దాన్ని గుర్తించింది 1880లో. కానీ రోగి మలం తాగునీటిలో కలవడం వల్ల ఈ జ్వరం పాకుతుందని బ్రిస్టల్ వైద్యుడు విలియం బడ్ 1873 నాటికే వివరంగా రాసి ఉన్నాడు. మురుగు నుంచి లేచే దుర్వాసనే రోగకారణమని నమ్మేవారు ఇంకా చాలామందే ఉండేవారు. ఏ సిద్ధాంతం నమ్మినా చేయవలసిన పని మాత్రం ఒక్కటే: మురుగు కాలువలు బాగుచేసి, మంచినీళ్లు తేవడం. ఆ ఖర్చు ఎవరు పెట్టాలన్న దగ్గరే వివాదం రాజుకుంది. తప్పు పాఠశాలదేనని బోర్డు వాదించింది, ఊరి మురుగు సంగతి చూడమని పాఠశాల నిలదీసింది. జ్వరం తిరిగి కనిపించడంతో ప్రధానోపాధ్యాయుడు ఎడ్వర్డ్ థ్రింగ్ 1876 ఏప్రిల్‌లో మూడువందల మంది పిల్లలతో సహా మొత్తం పాఠశాలనే వేల్స్ సముద్రతీరంలోని బోర్త్ అనే పల్లెకు తరలించాడు. ఏడాదికి పైగా చదువులు అక్కడే సాగాయి. పాఠశాల లేని అప్పింగమ్‌లో అంగళ్లు వెలవెలబోయాయి. వాదనలు తేల్చలేని విషయాన్ని బేరాలు లేని బజారు తేల్చిందనుకోవచ్చు. 1877లో పిల్లలు తిరిగి వచ్చినప్పుడు ఊరంతా ఎదురేగి స్వాగతం పలికింది.

కౌంటీలకు ఎన్నికైన కౌన్సిళ్లు 1889లో వచ్చాయి. 1894 చట్టం వాటి కింద గ్రామీణ డిస్ట్రిక్టులను ఏర్పరచి, ఏ డిస్ట్రిక్టూ కౌంటీ గీత దాటకూడదన్న సూత్రాన్ని అమలు చేసింది. సంత దారులను అనుసరించిన పాత హద్దులు అక్కడితో ముక్కలయ్యాయి. అప్పింగమ్ పరిధిలోని లీస్టర్‌షైర్ ఊళ్లు హాలటన్ డిస్ట్రిక్టుగా, నార్తాంప్టన్‌షైర్ ఊళ్లు గ్రెటన్ డిస్ట్రిక్టుగా విడిపోయాయి. స్టామ్‌ఫర్డ్ నుంచి తెగిన రట్లాండ్ ఊళ్లతో కెటన్ డిస్ట్రిక్టు పుట్టింది. అదే చట్టం జనాభా మూడువందలు, ఆపైన ఉన్న గ్రామానికి పారిష్ కౌన్సిల్‌ను ఇచ్చింది. అంతకన్నా చిన్న ఊళ్లలో ఓటర్లందరూ కూర్చుని మాట్లాడుకునే పారిష్ సమావేశం ఉంటుంది. మన గ్రామసభకు అది దూరపు చుట్టం.

1961లో రట్లాండ్ జనాభా 25 వేలు కూడా లేదు. ఇంత చిన్న కౌంటీ నిలవదనీ, లీస్టర్‌షైర్‌లో కలపాలనీ ఒక ప్రభుత్వ సంఘం ప్రతిపాదించింది. స్థానికులు గట్టిగా పోరాడారు. 1963లో ప్రభుత్వం వెనక్కు తగ్గింది. ఆ గెలుపు పదకొండేళ్లే నిలిచింది. స్థానిక పాలనను మార్చిన 1972 చట్టం అమలులోకి వచ్చిన 1974 ఏప్రిల్ 1న రట్లాండ్ లీస్టర్‌షైర్‌లో ఒక డిస్ట్రిక్టుగా మిగిలింది.

సరిగ్గా ఆ ఏళ్లలోనే రట్లాండ్ నడిబొడ్డున ఒక పెద్ద జలాశయం రూపుదిద్దుకుంది. గ్వాష్ అనే చిన్న వాగు లోయ వెడల్పుగా, లోతు తక్కువగా ఉంటుంది, అడుగున నీటిని ఇంకనివ్వని బంకమట్టి పొర ఉంటుంది. ఆనకట్టకు ఇంతకన్నా అనువైన చోటు దొరకదు. వాగు నీళ్లు చాలవు కనుక నెన్, వెలండ్ నదుల్లో నీరు పుష్కలంగా ఉన్నప్పుడు పంపులతో తోడి ఇక్కడ నింపుతారు. దాదాపు 12 కోట్ల ఘనమీటర్ల నీరు పట్టే ఈ చెరువు ఉపరితల విస్తీర్ణంలో ఇంగ్లండ్‌లోకెల్లా పెద్దది. నెదర్ హాంబుల్టన్ అనే పల్లె మునిగిపోయింది. నీళ్లలో ఎక్కువ భాగం రట్లాండ్ దాటి పీటర్‌బరో, నార్తాంప్టన్ వంటి పట్టణాలకు వెళుతుంది. నిర్మాణంలో ఉండగా పక్క ఊరి పేరుతో ఎంపింగమ్ జలాశయం అని పిలిచినదాన్ని తరువాత రట్లాండ్ వాటర్ అన్నారు. కౌంటీగా చెరిగిన పేరు ఇలా చెరువుకు దక్కింది. 2021లో ఆ చెరువు పక్కనున్న ఒక మడుగును ఎండగట్టినప్పుడు, అదే బంకమట్టిలో ఇక్తియోసార్ అనే ప్రాచీన సముద్ర సరీసృపపు పది మీటర్ల పొడవున్న అస్థిపంజరం బయటపడింది. పద్దెనిమిది కోట్ల ఏళ్ల నాడు ఇదంతా సముద్రమని ఆ ఎముకలు చెబుతాయి.

1990లలో మరో సమీక్ష జరిగి, 1997 ఏప్రిల్ 1న రట్లాండ్ తిరిగి కౌంటీ అయింది. చట్టం తీరు ఎలా ఉందంటే, కొత్తగా కౌంటీ కౌన్సిల్‌ను స్థాపించకుండా, ఉన్న డిస్ట్రిక్ట్ కౌన్సిల్‌కే కౌంటీ అధికారాలన్నీ ఇచ్చి, పేరు మాత్రం ‘రట్లాండ్ కౌంటీ కౌన్సిల్’ అని మార్చారు. చట్టరీత్యా అది ఇంకా డిస్ట్రిక్ట్ కౌన్సిలే కాబట్టి ఆ తోక కూడా మిగిలింది. 27 మంది సభ్యులున్న ఆ సంస్థే ఇప్పుడు చదువులు, రోడ్లు, వృద్ధుల సంరక్షణ, ఇళ్ల అనుమతులు, చెత్త సేకరణ అన్నీ చూస్తుంది. పోలీసులు, అగ్నిమాపక దళం మాత్రం లీస్టర్‌షైర్‌తో ఉమ్మడిగానే ఉన్నాయి.

2024 డిసెంబరులో బ్రిటన్ ప్రభుత్వం విడుదల చేసిన శ్వేతపత్రం ఇలాంటి సంస్థలకు సాధారణంగా ఐదు లక్షలు, ఆపైన జనాభా ఉండాలని చెప్పింది. రట్లాండ్ జనాభా అందులో సుమారు పన్నెండో వంతు. అవసరమైన చోట మినహాయింపులు ఉండవచ్చన్న మాట కూడా ఆ పత్రంలోనే ఉంది. 1960ల నుంచీ రట్లాండ్ అడుగుతున్నదీ అలాంటి మినహాయింపే.