దీప్తి పరిగెత్తిన పోటీయే ఒకప్పుడు లేదు

2024 సెప్టెంబరులో ప్యారిస్ పారాలింపిక్స్‌లో (వికలాంగుల ఒలింపిక్స్) దీప్తి జీవాంజి 400 మీటర్ల పరుగులో కాంస్యం తెచ్చింది. ఒడిశాలో పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ వైపు ఉండే మన తెలుగువాళ్లకి ఇలాంటప్పుడు రెండు వైపులా లాభమే: భాష లెక్కన వరంగల్ పిల్ల దీప్తి మన మనిషి, రాష్ట్రం లెక్కన బర్‌గఢ్ జిల్లా అత్తాబిరాలో పెరిగిన పారా బ్యాడ్మింటన్ ఆటగాడు ప్రమోద్ భగత్ కూడా మనవాడే. కాకపోతే పట్టుదల, కష్టం అని మెచ్చుకుని ఊరుకుంటాం గానీ, వాళ్లు ఆడే పోటీలు ఎప్పుడు మొదలయ్యాయో ఎవరూ అడగరు.

1948లో ఇంగ్లండ్‌లోని స్టోక్ మాండెవిల్ ఆసుపత్రిలో లుడ్విగ్ గుట్‌మన్ అనే డాక్టరు, యుద్ధంలో గాయపడి చక్రాల కుర్చీకి పరిమితమైన 16 మందితో బాణాల పోటీ పెట్టాడు. 1960లో రోమ్‌లో జరిగిన తొలి పారాలింపిక్స్‌లోనూ చక్రాల కుర్చీవాళ్లే. చూపులేనివాళ్లకీ, కాలో చెయ్యో తీసేసినవాళ్లకీ 1976 దాకా చోటు దొరకలేదు. ఈలోగా 1972 పారాలింపిక్స్‌లో మన దేశానికి తొలి స్వర్ణం వచ్చింది, 1965 యుద్ధంలో తూటాలు తిన్న మహారాష్ట్ర జవాను మురళీకాంత్ పేట్కర్ ఈతలో తెచ్చాడు. బ్యాడ్మింటన్ అయితే 2021లో టోక్యోలోనే చేరింది. చేరిన తొలిసారే ప్రమోద్ స్వర్ణం కొట్టాడు, అంతకుముందు ఎంత బాగా ఆడినా పారాలింపిక్ పతకం మాటే లేదు.

దీప్తి పరిగెత్తేది మేధో వైకల్యం (నేర్చుకోవడంలో, రోజువారీ పనుల్లో ఇబ్బంది) ఉన్నవాళ్ల విభాగంలో, దానిది ఇంకా అన్యాయమైన కథ. 2000లో సిడ్నీలో మేధో వైకల్యం ఉన్నవాళ్ల బాస్కెట్‌బాల్‌లో స్పెయిన్ గెలిచింది. ఆ జట్టులో 12 మందిలో 10 మందికి ఏ లోపమూ లేదని, వాళ్లతో కలిసి ఆడిన ఒక జర్నలిస్టే తర్వాత బయటపెట్టాడు. మోసం చేసింది ఎవరు, నష్టపోయింది ఎవరు! ఆ విభాగాన్నే ఎత్తేశారు. 2012లో లండన్‌లో కొన్ని పోటీలు తిరిగొచ్చాయి, 400 మీటర్లు మాత్రం 2016లో గానీ రాలేదు. దీప్తి 2003లో పుట్టింది, అంటే ఆమెకి తగిన పోటీ పారాలింపిక్స్‌లో లేని రోజుల్లో. ఊళ్లో వెక్కిరింపులు సరేసరి. ఆమెని నిలబెట్టింది మామూలు బడి మైదానం, అక్కడ అందరు పిల్లలతో కలిసి పరిగెత్తబట్టే కోచ్‌ల కంట్లో పడింది. ప్యారిస్‌కి ముందే, అదే ఏడాది జపాన్‌లోని కోబెలో 55.07 సెకన్లతో ప్రపంచ రికార్డు కూడా కొట్టింది.

2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం మేధో వైకల్యంతో సహా 21 రకాలని గుర్తించింది, ఆటల్లో చోటు కల్పించాలనీ చెప్పింది. కానీ మన సరిహద్దులో చిక్కు ఇంకొకటి ఉంది. ఇంట్లో తెలుగు, బళ్లో ఒడియా. పిల్ల పాఠంలో వెనకబడితే భాష రాకనేమో అనుకుని వదిలేస్తారు, లేదా ఉత్త మొద్దు అని వెనక బెంచీలో కూర్చోబెడతారు, ఆటల పీరియడ్‌లో కూడా పక్కన పెట్టేస్తారు. ఈ విభాగంలో అంతర్జాతీయ పోటీకి ఐక్యూ (తెలివిని కొలిచే పరీక్షలో వచ్చే అంకె) 75 దాటకూడదు, రోజువారీ పనుల్లో ఇబ్బంది చిన్నప్పటి నుంచే ఉందని రుజువులూ కావాలి. పిల్లకి సరిగ్గా రాని భాషలో ఆ పరీక్ష పెడితే వచ్చే అంకెని ఎలా నమ్మాలి? జిల్లా ఆసుపత్రిలో సర్టిఫికెట్ కోసం వెళ్లేవాళ్లు తెలుగు తెలిసినవాళ్ల చేత పరీక్ష పెట్టించమని ముందే అడగడం మంచిది.